సీఐ గారి నడుము కొలత

నా మీద రౌడీ షీటు తెరిచారని నాకు తెలిసేటప్పటికి నేను ఒక హెడ్ కానిస్టేబుల్ ప్యాంటుకు అంచు మడిచి కుడుతున్నాను. చెప్పింది కూడా ఆ ప్యాంటు సొంతదారే. ఎప్పుడు వచ్చినా కుర్చీ లాక్కుని టీ తెప్పించుకునే మనిషి, ఆ రోజు గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు.

"మేస్త్రీ, వచ్చే ఆదివారం పొద్దున తొమ్మిదికి స్టేషన్‌కి రావాల. కౌన్సెలింగు ఉండాది."

"ఎవురికి సార్?"

"నీకేనప్పా. నీ మీద రౌడీ షీటు తెరిసినారు."

నవ్వాను. ఆయన నవ్వలేదు. ప్యాంటు తీసుకోకుండానే వెళ్లిపోయాడు.

మా ఊరు చిత్తూరుకు ఇవతల, బంగారుపాళ్యం వైపు. హైవే మీద మామిడి గుజ్జు ఫ్యాక్టరీల లారీలు, లోపలికి వెళ్తే మామిడి తోటలు. ఊరి పేరు, మనుషుల పేర్లు రాయను. భయపడి కాదు, ఇంకెవరి ఇంటికీ ఆదివారం కబురు వెళ్లకూడదని. నేను ఖాకీ టైలర్ని. మా నాయనా ఖాకీ టైలరే. మా మండలంలో పోలీసు యూనిఫారం అంటే మా కొట్టే. అలాంటి నన్ను రౌడీ అన్నారు. ముప్పై ఏళ్లుగా వాళ్ల భుజాల మీద నక్షత్రాలు నిలిచే పట్టీలు కుట్టినవాణ్ని నేను. తల కొట్టేసినట్టయింది.

నేను చేసిన నేరం ఏమిటో చెప్తాను. మొన్నటి ఎండాకాలం మా వీధిలో బోరు ఎండిపోయింది. పంచాయతీ ట్యాంకర్ రోజు విడిచి రోజు రావాలి. వారాలు గడిచినా రాలేదు. వెతుక్కుంటూ పోతే అది మా ఊరి పెద్దాయన మామిడి తోటలో కొత్తగా నాటిన మొక్కలకు నీళ్లు పోస్తూ కనిపించింది. పెద్దాయన అంటే పదవిలో ఉన్న మనిషి. ఆయన ఒక ఫోన్ చేస్తే ఆఫీసర్లు ఈ ఊరికి వస్తారు, ఇంకో ఫోన్ చేస్తే ఊరు వదిలి పోతారు. గ్రామసభలో ఆయన మైకు పట్టుకుని తాగునీటి గురించి మాట్లాడుతుంటే నేను నోరు ఊరుకోక లేచి నిలబడ్డాను. "అయ్యా, మా వీధి ట్యాంకర్ మీ తోటలో ఏం జేస్తా ఉండాది?" అని అడిగాను. వెనకనుంచి ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లకు ఉబ్బిపోయి, సోమవారం చిత్తూరు కలెక్టరాఫీసులో ఫొటోతో సహా అర్జీ కూడా ఇచ్చి వచ్చాను. పది రోజులు తిరక్కుండా హెడ్ కానిస్టేబుల్ గుమ్మంలో నిలబడ్డాడు.

మొదటి ఆదివారం ఉతికిన చొక్కా వేసుకుని వెళ్లాను. స్టేషన్ వెనక రేకుల షెడ్డులో వరసగా కూర్చోబెట్టారు. నా ఎడమ పక్క ఇద్దరు కొట్లాట కేసుల వాళ్లు, కుడి పక్క ఎర్ర తువ్వాలు వేసుకున్న ఒక పెద్ద వయసు మనిషి. ఆయప్ప ఒకప్పుడు పేరు మోసిన రౌడీ. ఇప్పుడు హైవే పక్కన టెంకాయ బోండాలు అమ్ముకుంటాడు. కాపలా ఉన్న కానిస్టేబుళ్లలో ముగ్గురి ఒంటి మీద నేను కుట్టిన బట్టలే ఉన్నాయి. వాళ్లు నా ముఖం చూడలేక గోడలు చూశారు. ఒకడు మాత్రం సంతకాల పుస్తకం నా ముందు పెడుతూ వంగి, "మేస్త్రీ, ఈ జేబు మూత కొంచెం లేస్తా ఉండాది, సూడు" అన్నాడు చిన్నగా. ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

సీఐ గారు వచ్చి అరగంట ఉపన్యాసం ఇచ్చారు. సత్ప్రవర్తనతో బతకండి, సమాజానికి భయం కలిగించకండి అన్నారు. నా వైపు చూసి "కొంతమందికి కత్తెర చేతిలో ఉందని పొగరు" అన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆయన వేసుకున్న చొక్కా నేను కుట్టిందే. నేనేం తప్పు చేశానో చెప్పమని అడిగాను. "పైనుంచి ఆర్డరు" అన్నారు. ఆర్డరు కాగితం చూపించమన్నాను. "నీకు చూపించేది కాదు" అన్నారు.

నా పొగరు సంగతి వదిలేయండి. అసలు బాధ మా అమ్మాయిది. ఆ పిల్ల పోలీసు కానిస్టేబుల్ పరీక్ష పాసయింది. పరుగులో నెగ్గింది, రాతలో నెగ్గింది. ఎంపిక జాబితాలో నంబరు వచ్చింది. ఇక మిగిలింది ఇంటి వివరాల విచారణ ఒక్కటే. ఆ విచారణ చేసి కాగితం రాయాల్సింది మా స్టేషనే. తండ్రి రౌడీ షీటర్ అని ఒక్క ముక్క రాస్తే చాలు, ఆమె చేసిందంతా గాలికి పోతుంది. తెల్లవారుజామున లేచి, కాణిపాకం రోడ్డు మీద మంచులో పరిగెత్తి, కాలు బెణికితే పసుపు పట్టు వేసుకుని మళ్లీ పరిగెత్తిన పిల్ల. నేను అడిగిన ఒక్క ప్రశ్న ఆమె మెడకు చుట్టుకుంది.

మా ఆమె మొదట్లో నన్నేమీ అనలేదు. మూడో ఆదివారం నేను స్టేషన్ నుంచి వచ్చాక అన్నం పెట్టి, పక్కన కూర్చుని మెల్లగా అంది: "ఏమబ్బా, నీళ్లు మనకొక్కరికేనా కావాల? వీధిలో అంతమంది ఉండారే, నీకొక్కడికే నోరుండాదా?"

ఇంతలో పెద్దాయన దగ్గర్నుంచి కబురు వచ్చింది. తోటకు రమ్మన్నారు. అర్జీ వాపసు తీసుకుని, గ్రామసభలో తప్పుగా మాట్లాడానని నలుగురి ముందు ఒక మాట అంటే చాలునట, షీటు ఎత్తేయిస్తారట. నేను రౌడీనో కాదో తేల్చడానికి పోలీసులూ అక్కర్లేదు, కోర్టూ అక్కర్లేదు. తోటలో ఒక మాట చాలు!

వెళ్లాను. దాచుకోవడం దేనికి, వెళ్లాను. కూతురి కోసం కాళ్లయినా పట్టుకుందామనే వెళ్లాను. ఆయన స్నానంలో ఉన్నారన్నారు. తోటలోని ఆయన ఇంటి అరుగు మీద కూర్చున్నాను. తర్వాత పూజలో ఉన్నారన్నారు. తర్వాత టిఫిను. పొద్దెక్కింది. అప్పుడు మా పంచాయతీ ట్యాంకర్ నా కళ్ల ముందు నుంచే తోటలోకి వచ్చి ఆగింది. డ్రైవరు నన్ను చూసి, తెలిసినవాడే, దండం పెట్టి, పైపు విప్పి మొక్కల పాదుల్లోకి వదిలాడు. అప్పటికి ఎన్నాళ్లుగానో మా ఆమె రెండు వీధుల అవతలి నుంచి బిందెతో నీళ్లు మోసుకొస్తోంది. లేచి చెప్పులేసుకుని వచ్చేశాను. ధైర్యం అనుకోకండి, ఒట్టి కోపం. దారి పొడుగునా నన్ను నేనే తిట్టుకున్నాను. ఇంటికి వచ్చి అమ్మాయి ముఖం చూడ్డానికి ధైర్యం చాల్లేదు.

దారి చూపించింది ఆ ఎర్ర తువ్వాలు ఆయప్ప. తర్వాతి ఆదివారం షెడ్డులో నా పక్కన కూర్చుని, అందరూ వినేలాగే అన్నాడు:

"నీ మీద ఏం రాసినారో తెలుసా నీకు?"

"చూపించలే."

"అడుగప్పా! నా మీద రాసిందంతా నేను జేసిందే, నేనేం అడిగేది? నువ్వు ఏం జెయ్యకుండా ఈడ కూసోనుండావు. ఏం జేసినావని రాసినారో సూడొద్దా? సమాచార హక్కు కింద అర్జీ ఎయ్యి."

ఒక రౌడీ చెప్పేదాకా ఇది నాకు తట్టలేదు. అర్జీ వేశాను. ఇవ్వడం కుదరదన్నారు. పై అధికారికి అప్పీలు పెట్టాను. చివరికి ఒక మధ్యాహ్నం రిజిస్టర్డ్ పోస్టులో నాలుగు పేజీలు వచ్చాయి.

నేను కళ్లద్దాలు వెతుక్కుంటున్నాను. అమ్మాయి లాక్కుని చదివింది. నా మీద రెండు సంఘటనలు రాశారు. మొదటిది గ్రామసభలో గలాటా. అది ఒక్కటే ఉంటే అలవాటుగా నేరాలు చేసేవాడని రాయడానికి కుదరదు కాబట్టి, పాతది ఇంకొకటి పుట్టించారు. కిందటి ఏడాది పంద్రాగస్టుకు ముందు మంగళవారం, పొద్దున పదకొండు గంటలకు, నేను బస్టాండులో కత్తెర చూపించి ఒక ఆటో డ్రైవర్ను బెదిరించానట. అక్కడ బందోబస్తులో ఉన్న సీఐ గారు కళ్లారా చూసి, నన్ను మందలించి పంపారట. సాక్షి సాక్షాత్తూ సీఐ గారే. కింద ఆయన సంతకం.

"పంద్రాగస్టుకు ముందు మంగళవారమా?" అంది అమ్మాయి. అంటూనే లేచి, అటక మీదున్న పాత కొలతల పుస్తకాల కట్ట దించింది.

ఈ పుస్తకాల సంగతి చెప్పాలి. పోలీసులకు ఒక అలవాటు. టేపు నడుము చుట్టూ పడగానే పొట్ట లోపలికి లాగేసుకుంటారు. నలభై రెండు నలభై అవుతుంది. బట్ట ఇచ్చాక బొత్తాం పడదు, తప్పంతా టైలర్‌ది. ఆ గొడవ పడలేక మా నాయన ఒక పద్ధతి పెట్టాడు. కొలత రాసి, తేదీ వేసి, టైము వేసి, తిండికి ముందా తిన్నాకనా అని కూడా రాసి, కొలత ఇచ్చిన మనిషితో కిందనే సంతకం పెట్టించేవాడు. తిన్న నడుముకూ తినని నడుముకూ అంగుళం తేడా ఉంటుందని ఆయన నమ్మకం. పక్కన ఆ గుడ్డ ముక్క గుండుసూదితో గుచ్చేవాడు. ఎస్సై అయినా, డీఎస్పీ అయినా సంతకం పెట్టాల్సిందే. మా నాయన పోయాక నేనూ అదే పద్ధతి వదల్లేదు. కొత్తగా వచ్చిన పోలీసులు దీన్ని చూసి నవ్వుతారు, నవ్వుతూనే సంతకం పెడతారు.

అమ్మాయి పేజీలు తిప్పుతూ తిప్పుతూ ఆగిపోయింది. పుస్తకం నా వైపు తిప్పింది. పంద్రాగస్టు పరేడ్ యూనిఫారాల కొలతలు. స్టేషన్‌కు వెళ్లి తీసుకున్నవి. మంగళవారం. పదకొండు గంటలు. తిండికి ముందు. నడుము నలభై రెండు. కింద సీఐ గారి సంతకం, మా ఇంటికి వచ్చిన నాలుగు పేజీల మీద ఉన్న సంతకమే, అదే మెలిక.

నాకు అంతా గుర్తొచ్చింది. ఆ రోజు ఆయన తన గదిలో రెండు చేతులూ చాపి నిలబడి, "నలభై ఎయ్యప్పా, చాలు" అంటే, నేను ఒప్పుకోక నలభై రెండే రాశాను. తర్వాత తెలిసింది, స్టేషన్ డైరీలో మాత్రం ఆయన ఆ టైముకు బస్టాండు బందోబస్తులో ఉన్నట్టు రాసుకున్నారు. నా మీద ఏదో ఒకటి రాయాల్సి వచ్చినప్పుడు, సాక్షిగా పెద్ద ఆఫీసరు ఉంటే గట్టిగా ఉంటుందని, డైరీలో ఆయన బయట ఉన్న రోజు చూసి ఎత్తి రాశారు. ఆ రోజు ఆయన నిజంగా ఎవరి ముందు నిలబడ్డాడో ఒక్కరూ గుర్తుపెట్టుకోలేదు. టైలర్ని ఎవరు గుర్తుపెట్టుకుంటారు?

"ఓరి దేవుడా!" అని మా ఆమె నెత్తిన చేయి పెట్టుకుంది. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. అన్ని వారాల తర్వాత మా ఇంట్లో అదే మొదటి నవ్వు.

జిల్లా ఎస్పీగా అప్పుడు ఒక మేడం కొత్తగా వచ్చి ఉన్నారు. సోమవారం చిత్తూరులో అర్జీలు తీసుకుంటారు. నేనూ అమ్మాయీ వెళ్లాం. కాగితాలు చదివి, పుస్తకం చూసి, "ఇది ఇక్కడ పెట్టి వెళ్లండి" అన్నారు. నేను ఇవ్వనన్నాను. "ఫొటోలు తీసుకోండి మేడం. ఈ పుస్తకం పోతే నేను రౌడీనే" అన్నాను. అమ్మాయి నా చొక్కా అంచు పట్టి లాగింది. మేడం ఏమీ అనుకోకుండా ఫొటోలు తీయించి, మళ్లీ వారం పుస్తకంతో రమ్మన్నారు.

మళ్లీ వారం ఆ గదిలో సీఐ గారు కూడా ఉన్నారు. టోపీ చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నారు. మేడం పుస్తకం తెరిచి నన్ను అడిగారు:

"తిండికి ముందు అని రాశారు. అంటే ఏమిటి?"

పొట్టల సంగతంతా చెప్పాను. గదిలో ఉన్న వాళ్లు నవ్వు ఆపుకోలేకపోయారు. మేడం సీఐ గారి వైపు తిరిగారు.

"ఈ సంతకం మీదేనా?"

ఆయన టోపీ చేతులు మార్చుకున్నారు. నాదే కానీ తేదీ టైలర్ తర్వాత వేసుకుని ఉంటాడన్నారు. మేడం పేజీ చూపించారు. అదే రోజు ఆయన కొలతకు ముందు ఇద్దరు కానిస్టేబుళ్లవి, తర్వాత ఒక ఎస్సైది ఉన్నాయి. వాళ్లను అప్పటికే పిలిచి అడిగారట. అప్పుడు సీఐ గారు, తాను అంత చూసుకోకుండా సంతకం పెట్టేసి ఉంటానన్నారు.

"చూసుకోకుండా పెట్టారా?" అన్నారు మేడం. నాలుగు పేజీల రిపోర్టు ఆయన ముందుకు జరిపారు. "మరి దీని మీద?"

ఆయన రిపోర్టు తిరగేసి, తన సంతకం చూసి, మళ్లీ బల్ల మీద పెట్టారు. నాకు ఆయన మీద ఒక్క క్షణం జాలి కూడా వేసింది. ఆ రిపోర్టు ఆయన సొంత బుద్ధితో రాసింది కాదని నాకు తెలుసు, మేడంకూ తెలుసు. తోట నుంచి ఫోన్ వచ్చింది, రాశాడు. కానీ కాదని చెప్పే అవకాశం ఆయనకు ఉంది. ఆ కుర్చీ ఇచ్చింది అందుకే కదా! జాలి ఎంతసేపో నిలవలేదు.

షీటు మూసేశారు. ఆ కాగితం నా చేతికి వచ్చిన రోజు నేను కొట్టు ముందు మెట్టు మీద కూర్చుని చాలాసేపు ఏడ్చాను. సిగ్గుపడకుండా చెప్తున్నాను. గుండెల మీద నుంచి బండ దించినట్టయింది. సీఐ గారిని వీఆర్‌కు పంపారు, అంటే పోస్టింగ్ లేకుండా జిల్లా ఆఫీసులో ఖాళీగా కూర్చోబెట్టారు. విచారణ నడుస్తోంది. ఆ రిపోర్టు చూసి షీటు తెరవమని కళ్లు మూసుకుని ఆర్డరు ఇచ్చిన డీఎస్పీ గారిని సంజాయిషీ అడిగారు. పెద్దాయనకు మాత్రం ఏమీ కాలేదు. ఇప్పటికీ మైకు పట్టుకుని తాగునీటి గురించే మాట్లాడుతున్నారు. అయితే ట్యాంకర్ మా వీధికి వస్తోంది. వచ్చిన ప్రతిసారీ మా వీధి ఆడవాళ్లు ఒక నోటు పుస్తకంలో తేదీ, టైము వేసి డ్రైవరుతో సంతకం పెట్టిస్తున్నారు. ఎక్కడ నేర్చుకున్నారో నేను చెప్పక్కర్లేదు.

షీటు మూసిన తర్వాత మొదటి ఆదివారం, అలవాటు కొద్దీ పొద్దున్నే లేచి, స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని చెప్పుల కోసం వెతుకుతున్నాను. "యాడికబ్బా, రౌడీ?" అంది మా ఆమె పొయ్యి దగ్గర్నుంచి. మంచం మీద కూలబడి నవ్వాను. మధ్యాహ్నం ఎర్ర తువ్వాలు ఆయప్ప రెండు బోండాలు తెచ్చి ఇచ్చాడు. "నువ్వు లేకుంటే షెడ్డులో బోరు కొడతా ఉండాదప్పా" అని నిష్ఠూరమాడాడు. ఆయన షీటు ఇంకా అలాగే ఉంది. పదిహేనేళ్లుగా బోండాలు కొట్టడం తప్ప ఆయన కత్తి ఇంకో పనికి ఎత్తలేదు. ఆయన తరఫున ఒక అర్జీ రాసి పెట్టాను.

అమ్మాయి విచారణ కాగితం సక్రమంగా వెళ్లింది. శిక్షణకు రమ్మని పిలుపు వచ్చింది. ఖాకీ గుడ్డ తెచ్చాను. కొట్టు తెరవకముందే, పొద్దున్నే, ఆమె వచ్చి టేపు నా మెడలో వేసి నిలబడింది. భుజం కొలిచాను, చేయి కొలిచాను. నడుము దగ్గరకు వచ్చేసరికి చూద్దును కదా, ఈ పిల్ల కూడా పొట్ట లోపలికి లాగింది!

"వదలవే. ఇంకా పోలీసు కాకముందే మొదలుపెట్టినావా?"

పకపకా నవ్వి ఊపిరి వదిలింది. కొలత రాసుకున్నాను. పుస్తకం ముందుకు జరిపి సంతకం పెట్టమన్నాను. పెన్ను తీసుకుంది కానీ పెట్టలేదు.

"తేదీ ఎయ్యి నాయనా. టైము కూడా."

వేశాను. తిండికి ముందు, ఏడు గంటలు అని రాశాను. తలెత్తకుండానే అన్నాను.

"అమ్మణ్ణీ, రేపు నువ్వూ ఎవురి మీదో ఒకరి మీద కాగితం రాస్తావు. యాడి నుంచి ఫోన్ వచ్చినా సరే, ఆ పొద్దు నువ్వు యాడుంటే ఆడున్నాననే రాయి."

ఆమె నవ్వలేదు. పేజీ మొత్తం ఒకసారి పైనుంచి కింద దాకా చదివింది. తర్వాత సంతకం పెట్టింది.